పాత సైకిల్ కొని రోజూ ఆఫీసుకి తొక్కాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరేళ్లుగా ఉప్పల్ నుంచి సికింద్రాబాద్‌కి సైకిల్ మీదే వెళ్లి వస్తున్నాను. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 26 ఇంచుల సైకిల్ అది. ఊళ్లో నాన్న వాడిన నల్ల అట్లాస్ కూడా ఇప్పటికీ నడుస్తోంది. లిఫ్ట్ దగ్గర, టీ కొట్టు దగ్గర, ఫోన్లో అందరూ అవే సందేహాలు అడుగుతుంటే ఒకచోట రాసి పెట్టాను. నాకు తెలిసింది ఒక్కటే: పాత సైకిల్ మీద పెట్టే డబ్బు ముందు తిరిగేవాటికీ ఆపేవాటికీ వెళ్లాలి, కనిపించేవాటికి తర్వాత.

## కొనేముందు

ఆఫీసు ఎనిమిది కిలోమీటర్లు. కొత్తది కొనాలా, సెకండ్‌హ్యాండ్ చాలా?

చాలు. కాకపోతే కొన్న ధరతో ఖర్చు అయిపోయిందనుకోకండి. నేను 2,500 పెట్టి కొన్నాను. టైర్లు, ట్యూబులకి 1,300, ఓవరాలింగ్‌కి 500, బ్రేకు వైర్లు, రబ్బర్లకి 300, క్యారియర్, మడ్‌గార్డులకి 800 అయింది. అంటే కొన్నదానికంటే బాగుచేయడానికే ఎక్కువ పెట్టాను. చేతిలో ఐదు వేలుంటే రెండు, రెండున్నర వేల సైకిలే చూడండి. మొత్తం ధరకే పోస్తే బ్రేకులు బాగుచేయించడానికి ఏమీ మిగలదు.

పాత నల్ల సైకిల్ మంచిదా, గేర్ల సైకిలా?

విజయవాడలాగా చదునుగా ఉండే ఊళ్లో నల్ల సైకిల్ హాయిగా ఉంటుంది. నిటారుగా కూర్చుంటాం, చైన్ కవర్ ఉంటుంది కాబట్టి ప్యాంటు నల్లబడదు, క్యారియర్, స్టాండు, మడ్‌గార్డులు ముందే ఉంటాయి. ఎత్తుపల్లాలున్న విశాఖలో, హైదరాబాద్‌లో మాత్రం బరువు తెలుస్తుంది. అక్కడ షాకబ్జర్ లేని మామూలు గేర్ల సైకిల్ దొరికితే వదలకండి. ముందూ వెనకా రెండు వైపులా షాకబ్జర్లున్న చవక సైకిళ్ల జోలికి పోవద్దు. తొక్కే బలంలో కొంత స్ప్రింగే తినేస్తుంది, పైగా క్యారియర్ బిగించడం కష్టం.

అట్లాస్ మూతపడింది కదా, పాత అట్లాస్ కొంటే స్పేర్లు దొరుకుతాయా?

దొరుకుతాయి. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజే, సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది. చదివినప్పుడు నిజంగా బాధేసింది. కానీ హీరో, అట్లాస్, ఏవన్ కంపెనీల నల్ల సైకిళ్లలో చాలా భాగాలు ఒకే కొలతలో ఉంటాయి. టైరు, రిమ్ము, ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రం), కాటర్ పిన్ను, కోన్లు (ఇరుసు మీద బాల్స్ ఆని తిరిగే నట్లు) ఏ కంపెనీవి తెచ్చినా సరిపోతాయి. నాన్న అట్లాస్‌లో ఇప్పుడున్న పెడల్స్ హీరోవి.

చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం చూడాలి?

పగటి వెలుతురులోనే చూడండి. ముందుగా హ్యాండిల్ కింద, ఫ్రేము గొట్టాలు రెండూ ముందు గొట్టంతో కలిసేచోట వేలితో తడమండి. అక్కడ రంగు ముడతలు పడినా, చిన్న ఉబ్బు తగిలినా ఆ సైకిల్ దేనికో ఎదురుగా గుద్దుకుందని అర్థం. ఎంత చవకైనా వదిలేయండి. తర్వాత నాలుగడుగులు వెనక్కి వెళ్లి కూర్చుని చూడండి. రెండు చక్రాలు ఒకే గీత మీద ఉండాలి.

చక్రం పైకెత్తి తిప్పండి. బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య ఖాళీ ఒకచోట తగ్గి ఇంకోచోట పెరిగితే చక్రం బెండు. ఇది చిన్న పనే. చక్రాన్ని అటూ ఇటూ ఊపితే టకటకమంటే హబ్బు (చక్రం మధ్యలో ఇరుసు ఉండే భాగం) లూజు, అదీ చిన్న పనే. పెడల్ ఊచని అటూ ఇటూ లాగి చూడండి. సీటు రాడ్డు కదులుతోందో లేదో తప్పకుండా చూడండి. తుప్పుతో లోపలే పట్టేసిన రాడ్డుని బయటికి తీయడానికి ఓసారి మా వీధి మెకానిక్‌కి సగం రోజు పట్టింది.

పైపైన తుప్పు ఉంటే భయపడక్కర్లేదు. గొట్టం మీద పొక్కులు లేచి, గోరుతో గీకితే పెచ్చులు ఊడితే మాత్రం లోపలిదాకా తినేసినట్టే.

కొన్నాక అది దొంగ సైకిల్ అని తేలితే?

దొంగ సొత్తని తెలిసి, లేదా నమ్మడానికి కారణం ఉండి కూడా తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. మరీ చవకగా ఇస్తూ, బిల్లు లేదు, ఊరూ పేరూ చెప్పను అంటే అక్కడే ఆగండి. ఫ్రేము నంబరు పెడల్ ఇరుసు గొట్టం కిందో, సీటు గొట్టం మీదో కొట్టి ఉంటుంది. దాన్ని గీకేసి ఉంటే అసలే వద్దు. అన్నీ సరిగ్గా ఉంటే ఒక తెల్ల కాగితం మీద ఆ నంబరు, తేదీ, ధర రాయించి సంతకం తీసుకోండి. రెండు నిమిషాల పని.

నా ఎత్తుకి ఏ సైజు?

ఫ్రేముకి అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడండి. రెండు పాదాలు నేల మీద పూర్తిగా ఆనాలి, అడ్డ కడ్డీ ఒంటికి తగలకూడదు. నల్ల సైకిళ్లలో 22, 24 ఇంచుల ఫ్రేములు ఎక్కువగా కనిపిస్తాయి (ఇది చక్రం కొలత కాదు, ఫ్రేము ఎత్తు). ఐదున్నర అడుగుల లోపు వాళ్లు 22 చూడండి. చిన్నప్పుడు పెద్ద సైకిల్‌ని కడ్డీ లోంచి కాలు పెట్టి తొక్కినవాళ్లమే అందరం. ట్రాఫిక్‌లో మాత్రం ఆ సాహసం వద్దు.

## ఇంటికి తెచ్చాక, మొదటి వారం

ముందు రంగు వేయించనా?

వద్దు. నెల రోజులు తొక్కి, ఉంచుకుంటానని నమ్మకం కుదిరాక వేయించండి. నిజానికి వెలిసిన రంగే మంచిది, స్టాండులో దొంగ కన్ను పడదు.

ఓవరాలింగ్ అంటే ఏం చేస్తారు? నిజంగా అవసరమా?

పాత సైకిల్‌కి మొదట చేయించాల్సింది ఇదే. రెండు హబ్బులు, పెడల్ ఇరుసు, హ్యాండిల్ కప్పులు విప్పి, బాల్స్ కడిగి, పాడైనవి మార్చి, కొత్త గ్రీజు పెట్టి బిగిస్తారు. దగ్గర కూర్చుని చూడండి. నా సైకిల్ వెనక హబ్బు విప్పినప్పుడు గ్రీజు నల్లగా, ఎండిన తారులా ఉంది. పట్టకారుతో గీకితే తప్ప బాల్స్ బయటికి రాలేదు. కోనుని గుడ్డతో తుడిచి వెలుతురులో తిప్పితే బాల్స్ తిరిగే దారి వెంట చీమ కుట్టినట్టు చిన్న చిన్న గుంటలు. అలాంటి కోను ఎంత బిగించినా గరగరమంటూనే ఉంటుంది. కోను చిన్న వస్తువే, ఆరోజే మార్పించండి. బాల్స్‌లో ఒక్కటి అరిగినా మొత్తం సెట్టు మార్చాలి. పాతవాటి మధ్య కొత్తది వేస్తే బరువంతా కొత్తదాని మీదే పడుతుంది.

బిగింపు కూడా చూసుకోండి. చక్రాన్ని ఎత్తి వదిలితే వాల్వు బరువుకే అది మెల్లగా కిందికి తిరిగి ఆగాలి. మెకానిక్ తొందరలో బిగుతుగా బిగిస్తే మళ్లీ అడగడానికి మొహమాటపడొద్దు.

చైన్ మార్చాలో లేదో ఎలా తెలుస్తుంది?

పిల్లల జామెట్రీ బాక్సులో 12 ఇంచుల స్కేలు ఉందా? దాని సున్నాని ఒక పిన్ను మధ్యకి పెట్టండి. కొత్త చైన్‌లో ఆ పిన్నుని వదిలి లెక్కపెడితే 24వ పిన్ను మధ్య సరిగ్గా 12 ఇంచుల గీత మీద ఉంటుంది. అరిగేకొద్దీ చైన్ సాగుతుంది. ఆ పిన్ను గీత దాటి ఇంచులో పదహారో వంతు వెళ్తే చైన్ మార్చండి. ఎనిమిదో వంతు దాటితే అప్పటికే ఫ్రీవీల్ పళ్లు కూడా అరిగి ఉంటాయి, రెండూ కలిపి మార్చాలి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే గట్టిగా తొక్కినప్పుడు జారుతుంది. సిగ్నల్ పడగానే లేచి తొక్కేటప్పుడు అలా జారి మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది నాకు. వారం రోజులు కుంటుతూ నడిచాను.

26 ఇంచుల టైరే తెచ్చాను, ఎందుకు ఎక్కడం లేదు?

26 అని రాసి ఉన్న టైర్లన్నీ ఒకటి కాదు. లేడీస్ సైకిళ్లలో ఎక్కువగా ఉండే 26×1⅜ టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 590 మిల్లీమీటర్లు. గేర్ల సైకిళ్ల 26×1.95 కూర్చునేది 559. ఒకటి ఇంకోదానికి ఎక్కదు. నల్ల సైకిల్ 28×1½ది 635, కొత్త హైబ్రిడ్ల 700సీది 622. పాత టైరు పక్క గోడ మీద 40-635 లాంటి అంకెలుంటాయి. రెండోదే రిమ్ము వ్యాసం. ఫోటో తీసుకుని షాపుకి వెళ్లండి. మొదటి అంకె టైరు వెడల్పు, అది కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

తొక్కినప్పుడల్లా టక్ టక్ అంటోంది. ఓవరాలింగ్ చేయించినా పోలేదు.

నల్ల సైకిల్ అయితే పెడల్ ఊచని ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్ను అరిగి ఉంటుంది. కొత్తది వేయించండి. అలాగే వదిలేస్తే ఊచ కన్నం కూడా అరుగుతుంది. గేర్ల సైకిల్ అయితే పెడల్ బిగింపు చూడండి. ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుడు. అది తెలియక అటు బలవంతంగా తిప్పి మర పాడుచేసుకున్నవాళ్లు చాలామంది.

## తొక్కడానికి, ఆపడానికి తగ్గ మార్పులు

నల్ల సైకిల్‌కి గేర్లు పెట్టించవచ్చా? ఎత్తు ఎక్కలేకపోతున్నాను.

గేర్ల సెట్టు పట్టేంత ఖాళీ వెనక ఫోర్కు మధ్య ఉండదు. వెనక చక్రమే మార్చి ఫోర్కుని సాగదీయాలి, ఆ ఖర్చు దండగ. అంతకంటే తేలికైన దారి ఉంది, ఫ్రీవీల్ మార్చడం. ముందు చైన్‌వీల్‌కి 44 పళ్లు, వెనక 18 ఉంటే పెడల్ ఒక్క చుట్టు తిరిగేసరికి సైకిల్ ఐదున్నర మీటర్లు పోతుంది. వెనక 22 పళ్ల ఫ్రీవీల్ వేస్తే నాలుగున్నర మీటర్లే పోతుంది. ఆ మేరకు కాలికి బరువు తగ్గుతుంది. చదును రోడ్డు మీద వేగం కాస్త తగ్గుతుంది, మన ట్రాఫిక్‌లో ఆ తేడా తెలియదు. చైన్‌కి ఒకటి రెండు లింకులు కలపాల్సి రావచ్చు. పాత సైకిల్‌కి ఇంత తక్కువ ఖర్చులో ఇంత సుఖం ఇచ్చే మార్పు ఇంకోటి నేను చూడలేదు. మా నాన్న డెబ్బై ఏళ్ల వయసులో మళ్లీ చెరువుగట్టు ఎక్కింది ఈ 22 పళ్ల ఫ్రీవీల్ వేయించాకే.

గుబ్బల టైర్లు ఉంచుకోవాలా?

తార్రోడ్డు మీదే తొక్కేట్టయితే తీసేయండి. గుబ్బలు రోడ్డుని పట్టుకుని బరబరమంటాయి, కాళ్లు లాగేస్తాయి. నున్నటివి లేదా సన్న గీతలున్నవి 1.75 ఇంచుల వెడల్పులో తీసుకోండి. మన గుంతల రోడ్లకి మరీ సన్నవి వద్దు.

డిస్క్ బ్రేకులు పెట్టించనా?

ఫ్రేముకీ ఫోర్కుకీ డిస్క్ బిగించే పట్టు, హబ్బుకి డిస్క్ కూర్చునే చోటు, ఇవన్నీ ముందే ఉంటే తప్ప కుదరదు. వెల్డింగ్ చేయించి పెడతామనే వాళ్లు ఉంటారు, ఒప్పుకోవద్దు. సన్నటి గొట్టం వెల్డింగ్ వేడికి బలం కోల్పోతే ముందు ఫోర్కు విరిగేది మీరు బ్రేకు గట్టిగా పట్టినప్పుడే. కొత్త వైర్లు, కొత్త రబ్బర్లు, బెండు తీసిన రిమ్ము ఉంటే మామూలు బ్రేకులే బాగా పట్టుకుంటాయి.

నల్ల సైకిల్ కడ్డీ బ్రేకులు వానలో అసలు పట్టడం లేదు.

స్టీలు రిమ్ము తడిస్తే రబ్బరు జారుతుంది. కడ్డీల తప్పు కాదది. రిమ్ముని ఇసుక కాగితంతో కాకుండా కిరసనాయిలు గుడ్డతో, తర్వాత సబ్బునీళ్లతో తుడవండి, జిడ్డు పోతుంది. రబ్బర్లు గట్టిపడి మెరుస్తుంటే మార్చండి. వానలో ఆగాల్సిన చోటుకి చాలా ముందే బ్రేకు మెల్లగా పట్టి వదిలి, పట్టి వదిలి నీళ్లు తుడుచుకోనివ్వండి.

వైరు బ్రేకులకి మారుద్దామంటే ఒక చిక్కుంది. కడ్డీ బ్రేకు రబ్బరు రిమ్ము లోపలి వైపు నుంచి పట్టుకుంటుంది. ఆ రిమ్ముకి పక్క గోడలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి వైరు బ్రేకు పట్టే చదును ఉండదు. రిమ్ములూ మార్చాలి. మార్చేటప్పుడు చువ్వలు లెక్కపెట్టుకోండి. నల్ల సైకిల్ ముందు హబ్బుకి 32, వెనక 40 ఉంటాయి, బజార్లో దొరికే అల్లాయ్ రిమ్ములు చాలావరకు 36 కన్నాలవి. అంటే హబ్బులు కూడా మార్చడమే.

సీటు మీద అరగంట కూర్చుంటే నొప్పి. జెల్ కవర్ కొననా?

ముందు ఎత్తు సరిచేయండి. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు పూర్తిగా చాచుకోవాలి. పాదం ముందు భాగంతో తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా మడతపడి ఉంటుంది, అదే సరైన ఎత్తు. చాలామంది భయంతో సీటు దించుకుని తొక్కుతారు, అందుకే మోకాళ్ల నొప్పులు. రాడ్డు మీద ఉన్న హద్దు గీత బయటికి కనిపించేంత మాత్రం లేపకండి. రెండు వారాలు ఇలా తొక్కాక కూడా నొప్పి ఉంటే కవర్ కాదు, వెడల్పు సీటే కొనండి.

బ్యాటరీ కిట్ పెట్టిస్తే లైసెన్స్ కావాలా?

మోటార్ 250 వాట్లు, వేగం గంటకి 25 కిలోమీటర్లు, ఈ రెండింటి లోపు ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదు. అంతకంటే బలమైన కిట్లు పెడితే చట్టం దృష్టిలో అది మోటారు వాహనమే. కడ్డీ బ్రేకుల సైకిల్‌కి మాత్రం ఏ కిట్టూ పెట్టించకండి. ఆగలేని బండికి వేగం ఇవ్వకూడదు.

## సామాను, పిల్లలు, బట్టలు

ల్యాప్‌టాప్ బ్యాగు వీపునే వేసుకోవాలా?

వద్దు, చొక్కా తడిసేది అక్కడే. బ్యాగుని క్యారియర్ పక్కన నిలువుగా వేలాడదీయండి. కుదుపు ఎక్కువగా ఉంటే కింద పాత దుప్పటి ముక్క మడిచి పెట్టండి. కట్టడానికి పాత ట్యూబుని పొడుగ్గా కోసుకున్న పట్టీ కంటే మంచిది లేదు. పంచర్ షాపులో అడిగితే ఊరికే ఇస్తారు. టిఫిన్ బాక్సు కూడా దాంతోనే కడతాను, ఇంతవరకు సాంబారు ఒలకలేదు. బ్యాగు వెనక లైటుకి అడ్డం పడుతోందేమో మాత్రం రోజూ చూసుకోండి.

పిల్లని స్కూల్లో దింపి ఆఫీసుకి వెళ్లాలి. క్యారియర్ మీద కూర్చోబెట్టొచ్చా?

ఊరికే క్యారియర్ మీద వద్దు. నిద్రమత్తులో వేలాడే కాలు చువ్వల్లో పడుతుంది, మడమ దగ్గర చర్మం లేచిపోతుంది. మా పక్కింటి పాపకి అలాగే అయింది. వీపుకి ఆనుడు, బెల్టు, పాదాలు పెట్టుకునే చోటు ఉన్న సీటు బిగించండి. వెనక చక్రానికి రెండు పక్కలా జాలీ పెట్టించండి. స్టాండు వేసి పిల్లని కూర్చోబెట్టి సైకిల్ వదిలి వెళ్లొద్దు, ఒక్క నిమిషం కూడా.

చున్నీ, చీర చక్రంలో పడకుండా?

చైన్‌కి పూర్తి కవర్, వెనక చక్రానికి చీర గార్డు. లేడీస్ సైకిళ్లకి వచ్చే గార్డు మామూలు 26 ఇంచుల సైకిల్‌కి కూడా చిన్న క్లిప్పులతో పడుతుంది. చున్నీని మాత్రం నడుముకి కట్టుకోవడమే మంచిది.

## రోజూ తొక్కేటప్పుడు

డైనమో ఉంది కదా, ఇంకో లైటు ఎందుకు?

సైకిల్ ఆగితే డైనమో లైటూ ఆరిపోతుంది. చీకట్లో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడే వెనకవాడికి మీరు కనిపించాలి. ఛార్జింగ్ పెట్టుకునే ఎర్ర లైటు ఒకటి వెనక తప్పనిసరి. పెడల్స్‌కి రిఫ్లెక్టర్లు ఉంటే ఇంకా మంచిది, పైకీ కిందికీ కదిలే వెలుగు చూడగానే సైకిల్ అని తెలిసిపోతుంది.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ (ఓఆర్ఆర్) పక్కన, పైన సోలార్ పలకల కప్పున్న సైకిల్ ట్రాక్ మీద ఆఫీసుకి వెళ్లొచ్చా?

ఇల్లు, ఆఫీసు రెండూ దాని పక్కనే ఉంటే వెళ్లొచ్చు. 2023 అక్టోబర్ 1న 23 కిలోమీటర్లతో మొదలైన ఆ దారి నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు వెళ్తుంది. ఎండ తగలని మంచి దారి. మిగతా నగరంలో మాత్రం మనం బస్సుల పక్కనే తొక్కాలి.

పెట్రోల్ బంకులో గాలి కొట్టించుకోవచ్చా?

మోటార్‌సైకిల్‌లాంటి వాల్వు ఉంటే కొట్టించుకోవచ్చు. కానీ పక్కనే ఉండి ఆపమనండి, సైకిల్ ట్యూబు క్షణాల్లో నిండిపోతుంది. టైరు మీద రాసి ఉన్న పీఎస్ఐ (గాలి ఒత్తిడి అంకె) దాటకూడదు. లోపల చిన్న రబ్బరు గొట్టం (వాల్‌ట్యూబు) ఉండే పాత రకం వాల్వుకి పంపే వాడండి.

చైన్‌కి కొబ్బరి నూనె వేయొచ్చా?

వద్దు. కొన్నాళ్లకి జిగటగా మారి దుమ్ము పట్టేస్తుంది. సన్నటి మిషన్ ఆయిల్ ఒక్కో రోలర్ మీద ఒక్క చుక్క వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైన మిగిలింది పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయండి. నూనె రోలర్ లోపల ఉండాలి, పైన కాదు.

తాళం?

వెనక చక్రానికి ఉండే గుండ్రటి తాళం సైకిల్‌ని తొక్కనివ్వదంతే, ఎత్తుకుపోవడాన్ని ఆపదు. ఫ్రేము లోంచి, వెనక చక్రం లోంచి దూర్చి కదలని స్తంభానికి వేసే చైన్ తాళం ఇంకోటి కావాలి.

విశాఖలో ఉంటాం. ఆరు నెలలకే చువ్వలు తుప్పు పడుతున్నాయి.

సముద్రపు ఉప్పుగాలి అది. పదిహేను రోజులకోసారి మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె గుడ్డతో చువ్వలు, నట్లు తుడవండి. రిమ్ముకి మాత్రం ఆ గుడ్డ తగలనివ్వొద్దు, బ్రేకు పట్టదు. కడ్డీ బ్రేకు కాకపోతే చుట్టూ పూర్తిగా కవరున్న బ్రేకు వైర్లు వేయించండి. ఉప్పుగాలి లోపలికి చేరే వైర్లయితే లోపల తుప్పు పట్టి, పైకి కనిపించకుండానే తెగిపోతాయి.

వానలో మోకాళ్ల లోతు నీళ్లలోంచి వచ్చాను. ఇప్పుడేం చేయాలి?

ఇల్లు చేరగానే సైకిల్‌ని రెండుసార్లు నేలకి కొట్టినట్టు కుదిపి నీళ్లు కార్చండి. చైన్ తుడిచి నూనె వేయండి. సీటు రాడ్డు బయటికి తీసి సైకిల్‌ని రాత్రంతా తలకిందులుగా పెట్టండి, గొట్టంలో చేరిన నీళ్లు కారిపోతాయి. హబ్బులు మునిగి ఉంటే లోపలి గ్రీజు పాలలా తెల్లగా మారుతుంది, వారంలోపు విప్పించి మార్పించండి. నీళ్లు నిండిన రోడ్డు మీద మళ్లీ అలాంటి రోజు వస్తే దిగి డివైడర్ పక్కన నడిపించుకుంటూ రండి. నీటి కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో ఎవరికీ తెలియదు.